నల్ల రేగడిలో జాలీ కంచె: ఏళ్లుగా వాడుతున్నాక చెబుతున్న మాట

ఖమ్మం శివార్లలో ఉన్న మా ఇంటి చుట్టూ 2018లో కంచె వేయించాం. రోడ్డు వైపు ఇటుక గోడ, గేటు. మిగతా మూడు వైపులా రాతి కడీలు (స్తంభాలు), వాటికి ఐదడుగుల ఎత్తు ఇనుప తీగ జాలీ (చైన్ లింక్), ఆ పైన రెండు వరసల ముళ్ల తీగ. కోతుల బాధ ఎక్కువయ్యాక 2020లో అన్నిటికంటే పైన సోలార్ తీగలు కూడా చేర్చాం. ఇప్పటికీ అదే కంచె. జాలీ వేయించవచ్చా అని అడిగిన వాళ్లకు వేయించమనే చెబుతాను. అయితే అందరూ జాలీ గురించే అడుగుతారు, నేను మాత్రం ముందు కడీల గురించి, అవి దిగే గుంతల గురించి మాట్లాడతాను. ఇన్నేళ్లలో ఈ కంచెకు వచ్చిన సమస్యల్లో ఎక్కువ భాగం నేల దగ్గర మొదలైనవే.

మాది ఎనిమిది గుంటల స్థలం. 66 అడుగుల వెడల్పు, 132 అడుగుల పొడవు. ముందు గోడ పోగా 330 అడుగుల జాలీ పట్టింది. మా వారి ఉద్యోగం కొత్తగూడెంలో, శని ఆదివారాలే ఇంట్లో ఉంటారు. మిగతా రోజులు నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. అప్పట్లో చుట్టూ ఇళ్లు పలచగా ఉండేవి, వెనక పత్తి చేను. రాత్రి తలుపు గడియ పెట్టాక టెన్షన్ లేకుండా నిద్రపోవాలి, అదే మా అవసరం.

నాలుగు వైపులా ఇటుక గోడే కట్టించమని బంధువులంతా చెప్పారు. మాది నల్ల రేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. ఈ నేలలో పొడవాటి గోడ నిలబడాలంటే లోతైన పునాది, దాని మీద బీము పడాలి. ఆ ఖర్చుతో ఇంట్లో ఇంకో గది వస్తుంది. పునాది తగ్గించి కట్టిన గోడలు రెండు మూడు వర్షాకాలాలకే పగుళ్లిచ్చి వాలిపోవడం మా కాలనీలోనే చూశాను. రెడీమేడ్ గోడ త్వరగా అయిపోతుంది, గాడి ఉన్న సిమెంటు స్తంభాల మధ్య పలకలు దించేస్తారు. ఎర్ర నేలల్లో, మొరం నేలల్లో అది బాగానే నిలుస్తుంది. రేగడిలో స్తంభం కొంచెం పక్కకు ఒరిగినా పలక గాడిలోంచి జారుతుంది. ఎత్తయిన గోడతో నాకున్న అభ్యంతరం ఇంకొకటి. దాన్ని దాటి లోపలికి దిగినవాడు బయటివాళ్లకు కనబడడు. జాలీ అయితే ఇంటి వెనక ఏం కదిలినా కిటికీలోంచి నాకు తెలుస్తుంది, పక్క ఇంటి వాళ్లకూ తెలుస్తుంది. ఆడవాళ్లే ఎక్కువగా ఉండే ఇంటికి ఇది చాలా పెద్ద సంగతి.

కంచెకు ముందే సర్వేయర్‌ను పిలిపించి, టిప్పన్ (పాత సర్వే కొలతల పటం) ప్రకారం కొలిపించి, పక్కవాళ్ల ఎదుటే హద్దు రాళ్లు పాతించాం. ఆ తర్వాతే తాడు లాగి గుంతలకు సున్నం గుర్తులు వేయించాం. దీనికి ఒక రోజు పోతే పోయింది, ఇప్పటిదాకా హద్దు గురించి ఎవరితోనూ ఒక్క మాట రాలేదు.

ఇక కడీలు. ఇనుప యాంగిలర్లు (ఎల్ ఆకారపు కడ్డీలు) తేలికగా దొరుకుతాయి, పని కూడా త్వరగా అవుతుంది. కానీ అవి నేలను తాకే చోటే తుప్పు పడతాయి. పైకి రంగు బాగానే ఉంటుంది, కింద మట్టి తీసి చూస్తే సగం తినేసి ఉంటుంది. సిమెంటు స్తంభాలకు పగులు వస్తే లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. రాతి కడీకి ఆ రెండు బాధలూ లేవు. ట్రాక్టర్ తగిలితే మాత్రం విరుగుతుంది, మాకు మూలన ఒకటి అలాగే పోయింది. కడీలకు ముందే రంధ్రాలు వేయించి తెప్పించుకోండి. రంధ్రం లేని కడీకి బైండింగ్ వైరు చుట్టి కట్టిన జాలీ ఏడాది తిరిగేసరికి జారి కిందికి దిగుతుంది.

లోతు దగ్గర మేస్త్రీతో నాకు వాదన జరిగింది. "రెండడుగులు చాలక్కా, అందరికీ అంతే పాతుతున్నాం" అన్నాడు. "అన్నా, ఇది రేగడి, మూడడుగులు తీయించు, కడీలు కూడా తొమ్మిదడుగులవే తెప్పించు" అన్నాను. సరేనన్నాడు. రెండు పక్కలా అలాగే పాతాడు. వెనక వైపుకు వచ్చేసరికి తొమ్మిదడుగుల కడీలు తక్కువ పడ్డాయట. ఎనిమిదడుగులవి తెచ్చి రెండడుగులే పాతి వెళ్లాడు. నేల మీద అన్నీ ఒకే ఎత్తు కాబట్టి చూస్తే తేడా తెలియదు. రెండో వర్షాకాలం అయ్యాక వెనక వరస చేను వైపు ఒరిగింది, జాలీ వదులైంది. తవ్వించి చూస్తే అసలు సంగతి బయటపడింది. పక్క వరసలు ఈ రోజుకీ నిటారుగానే ఉన్నాయి. ఒకే నేల, ఒకే వాన. తేడా ఒక్క అడుగు లోతులో ఉంది. గుంతలు తవ్వే రోజు టేపు పట్టుకుని ఇంటివాళ్లు ఒకరు పక్కనే నిలబడాలని అందుకే అందరికీ గట్టిగా చెబుతాను. కడీ దింపాక గుంతలో ఎవరూ లోతు కొలవలేరు.

ఆ వెనక వరసను మళ్లీ పాతించినప్పుడు ఇంకో మార్పు చేశాం. గుంతను తవ్విన నల్ల మట్టితోనే పూడ్చకుండా అడుగున కాస్త కంకర వేసి, కడీ చుట్టూ కాంక్రీటు, దాని చుట్టూ మొరం దట్టించాం. నల్ల మట్టి కడీకి నేరుగా తగలకపోతే అది ఉబ్బినా కుంచించుకున్నా కడీ మీద పడే ఒత్తిడి తగ్గుతుంది. ఇక మూల కడీల సంగతి. జాలీని, తీగలను బిగించి లాగినప్పుడు ఆ లాగుడంతా మూలల మీదే పడుతుంది. ప్రతి మూలకు రెండు వైపులా ఏటవాలు సపోర్టు కడీలు ఉండాల్సిందే. పొడవు ఎక్కువైతే మధ్యలో కూడా, మాకు దాదాపు యాభై అడుగులకొకటి చొప్పున పెట్టించాం. మామూలు కడీల మధ్య దూరం ఎనిమిది అడుగులు. డబ్బు మిగులుతుందని పదడుగులకు, పన్నెండడుగులకు పాతితే మధ్యలో జాలీ పొట్ట వేస్తుంది.

జాలీ కొనేటప్పుడు గేజి, అంటే తీగ మందం చెప్పే నంబరు, చూడాలి. ఇక్కడ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. పది గేజి తీగ మందం 3.25 మిల్లీమీటర్లు, పన్నెండు గేజి 2.64. చెప్పుకుంటే చిన్న తేడా, తూకంలో ఒకటిన్నర రెట్లు. రెండంగుళాల కన్ను (అల్లికలోని రంధ్రం), ఐదడుగుల ఎత్తు, యాభై అడుగుల పొడవున్న చుట్ట పది గేజిదైతే అరవై కిలోల పైచిలుకు తూగాలి, పన్నెండు గేజిదైతే నలభై కిలోల పైచిలుకు. జాలీ కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి ఎలాగూ కాటా ఉంటుంది. పది గేజి అని చెప్పి సన్నది ఇస్తున్నారేమో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఈ జాలీకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 2721. అది అడిగి కొనండి. జింకు పూత ఎంత మందంగా ఉంటే జాలీ అంత కాలం వస్తుంది, మెరుపు చూసి తేల్చుకునేది కాదు. మేం పక్కలకు పది గేజి, వెనక పన్నెండు గేజి వేయించాం. పది గేజిదానికి ఇంకా తుప్పు రాలేదు. వెనకదానికి రెండు చోట్ల వచ్చింది. ఒకటి స్నానాల గది నీళ్లు పారే చోట మట్టికి తగిలిన అడుగు వరస, రెండోది బచ్చలి తీగ ఏడాది పొడవునా అల్లుకుని తడి ఆరనివ్వని చోట. కంచె మీద తీగ పాదులు అందంగా ఉంటాయి, అత్తయ్యకు చాలా ఇష్టం కూడా. ఇప్పుడు వాటికి వేరే పందిరి వేయించాం.

జాలీ అడుగున ఒక తీగ, మధ్యలో ఒకటి, పైన ఒకటి బిగించి లాగాలి. అడుగు తీగ చాలామంది వేయరు. అది లేకపోతే కుక్కలు మూతితో జాలీని ఎత్తి దూరతాయి, పందులైతే చెప్పక్కర్లేదు. మేం జాలీ వెంబడే నాప బండలను నిలువుగా, సగం పైగా మట్టిలో దిగేలా పాతించాం. బండకు బండ విడిగా ఉంటుంది కాబట్టి నేల కదిలినా పగిలే పని లేదు. ఇంటి కోసం కొన్నవి మిగిలితే వాడాం గానీ, కొత్తగా కొని వేసినా ఈ ఖర్చు దండగ కాదు.

దొంగల సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. జాలీని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించవచ్చు. ఒక తీగను పైనా కిందా విప్పి మెలి తిప్పుతూ లాగితే జాలీ రెండు ముక్కలుగా విడిపోతుంది కూడా. ఒక రాత్రి వెనక మూల ఎవరో జాలీ కళ్లు రెండు కత్తిరించారు. మా కుక్క అరవడం, సెన్సర్ లైటు వెలగడం, పక్క ఇంటి అన్నయ్య కేకలేసి బయటికి రావడం అన్నీ ఒక్కసారే జరిగాయి. వచ్చినవాళ్లు చేలోకి దిగి పారిపోయారు. మర్నాడు ఒక్క తీగ తెచ్చి అల్లితే జాలీ మళ్లీ మామూలైపోయింది. ఏ కంచె అయినా ఆలస్యం చేయగలదు, ఆ కాస్త సమయంలో మనకు తెలిసేలా చేసేవి లైటు, కుక్క, ఇరుగుపొరుగు. కెమెరాలు తర్వాత పెట్టించాం, కానీ ముందు లైటే పెట్టించమంటాను.

కోతుల విషయంలో జాలీ ఏమీ చేయదు. అవి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేవి. మామిడి పిందెలు, వంటింట్లో గిన్నెలు, ఆరేసిన బట్టలు, ఏదీ మిగిలేది కాదు. పిల్లలు వరండాలో కూర్చోవడానికి భయపడేవాళ్లు. అప్పుడే సోలార్ తీగలు వేయించాం. కడీల పైన బ్రాకెట్లు, వాటికి ఇన్సులేటర్లు, నాలుగు వరసల నున్నటి జీఐ (జింకు పూత) తీగ. పన్నెండు వోల్టుల బ్యాటరీ, ప్యానెల్, తీగలోకి కరెంటు దెబ్బలు పంపే ఎనర్జైజర్. సుమారు సెకనుకొకసారి వేల వోల్టుల దెబ్బ ఇస్తుంది, కానీ అది సెకనులో వందో వంతు కూడా ఉండదు. తగిలినవాళ్లు వెంటనే చెయ్యి తీసుకునే వీలుంటుంది. గట్టిగా జిల్లుమంటుంది, ప్రాణం మీదికి రాదు. ఎనర్జైజర్లకు ఐఈసీ 60335-2-76 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అది రాసి ఉన్నదే కొనండి. ముళ్ల తీగకు మాత్రం ఈ కరెంటు ఇవ్వకూడదు, ముళ్లకు చిక్కుకున్న మనిషి విడిపించుకోలేడు. ఇంటి కరెంటును నేరుగా తీగకు కలపడం అన్నది ఆలోచనలోకే రాకూడదు. అడవి పందుల కోసం చేలల్లో అలా పెట్టిన తీగలకు తగిలి మన రెండు రాష్ట్రాల్లోనూ మనుషులు, పశువులు చనిపోతూనే ఉన్నారు. అది కంచె కాదు, నేరం.

సోలార్ తీగలకు పని ఉంటుంది, వేయించి మరిచిపోయేవి కావు. కొమ్మ తగిలినా, తీగ పాకినా కరెంటు నేలలోకి దిగిపోయి దెబ్బ బలహీనపడుతుంది. వర్షాకాలంలో వారానికోసారి చుట్టూ తిరిగి చూస్తాను. ఎండాకాలంలో దీనికి వ్యతిరేకం. నేల ఎండిపోయి ఎర్తింగ్ పట్టదు, ఎర్త్ రాడ్ల దగ్గర నీళ్లు పోయాలి. బ్యాటరీ ఒకసారి మార్చాం. కోతులు మొదట్లో రెండు మూడు దెబ్బలు తిని తగ్గాయి, తర్వాత పక్కింటి వేప కొమ్మ మీంచి నేరుగా మా డాబా మీదికి దూకడం నేర్చుకున్నాయి. వాళ్లను అడిగి ఆ కొమ్మ కొట్టించాకే పూర్తిగా ఫలితం కనిపించింది. తీగలు ఆరడుగుల పైన ఉండటం వల్ల పిల్లలకు అందవు. హెచ్చరిక బోర్డులు అన్ని వైపులా కట్టాం.

కంచె పైన బ్లేడ్ల తీగ చుట్ట కూడా చాలామంది వేయిస్తున్నారు. పిల్లలు ఆడుకునే ఇంటికి అది నాకు నచ్చలేదు. ఎదురింటి చుట్టలో పిట్టలు చిక్కుకోవడం చూశాక అసలే వద్దనిపించింది. దానికి బదులు జాలీకి రెండడుగుల లోపల వాక్కాయ మొక్కలు వరసగా పెట్టాం. మూడో వర్షాకాలానికి దట్టంగా అల్లుకున్నాయి. ఆ ముళ్లలోంచి మనిషి రాలేడు. కాయలు పప్పులోకి, పచ్చడిలోకి వాడుకోగా ఊళ్లోవాళ్లకు పంచుతాం. అడుగున ఆకులు పేరుకుంటే పాములు చేరతాయి కాబట్టి ఊడ్పించడం మానకూడదు.

ఖర్చు గురించి ఒక్క మాట. జాలీకి ఎంతయిందో కడీలకు, గుంతలకు, కూలీకి కలిపి దాదాపు అంతే అయింది. దుకాణంలో చెప్పే జాలీ ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకుంటే సగంలో పని ఆగిపోతుంది. గేటు వేరే లెక్క. మా గేటు కింద నాలుగంగుళాల సందు ఉండేది, రబ్బరు పట్టీ, ఇనుప పట్టీ వేయించాక కుక్కల రాక ఆగింది.

నల్ల రేగడిలో పని పెట్టుకునేవాళ్లు నవంబరు, జనవరి మధ్య పెట్టుకోండి. మే నెలలో గడ్డపార దిగదు, జూలైలో గుంత నిలవదు. ఈ చలికాలం మేం వెనక వైపు తుప్పు పట్టిన పన్నెండు గేజి జాలీ తీయించి పది గేజి వేయిస్తున్నాం. కడీలు అవే.