తండ్రి ఆడిన క్లబ్‌కే కొడుకు: పాత ధర, కొత్త వేలం

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో కొత్త కుర్రాళ్లను డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్‌లు వంతులవారీగా పేర్లు చెప్పే పద్ధతిలో, ఎంచుకుంటారు. అట్టడుగున నిలిచిన జట్టుకు ముందు అవకాశం. దీనికో మినహాయింపు ఉంది: తండ్రి ఒక క్లబ్‌కు 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే, కొడుకు మీద మొదటి హక్కు ఆ క్లబ్‌దే. మరి ధర ఎంత? ఇక్కడ ధర అంటే డబ్బు కాదు, పిక్‌లు, అంటే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు.

పాత పద్ధతిలో ధర ముందే ఖరారు. 2006లో టామ్ హాకిన్స్‌ను జీలాంగ్ మూడో రౌండ్‌లో, 41వ పిక్‌తో తీసుకుంది. మామూలుగా అయితే అతను మొదటి వరుసలోనే పోవాల్సిన ఆటగాడు. అంటే దాదాపు ఊరికే వచ్చినట్టే.

ఆ మరుసటి ఏడాది నుంచి బిడ్డింగ్ వచ్చింది. వేరే క్లబ్ ముందుగా ఆ కుర్రాడి పేరు చెబితే తండ్రి క్లబ్ దానికి సరిపడా చెల్లించాలి. 2015 నుంచి ఆ లెక్క పాయింట్లలో: ఒక్కో పిక్‌కు ఇన్ని పాయింట్లని విలువ. 2021లో నిక్ డైకోస్‌కు గోల్డ్ కోస్ట్ 4వ పిక్‌తో బిడ్ వేసింది, కాలింగ్‌వుడ్ తన వెనకాల పిక్‌లన్నీ పోగేసి కట్టింది. చిల్లరంతా కూడగట్టి బంగారం కొన్నట్టు! పైగా 20 శాతం డిస్కౌంట్ కూడా. దాన్ని తర్వాత 10కి తగ్గించారు.

నా ఓటు బిడ్డింగ్‌కే, డిస్కౌంట్ లేకుండా. సెంటిమెంట్ కావాలంటే పూర్తి ధర కట్టాలి కదా. అయినా 2011లో పుట్టిన గోల్డ్ కోస్ట్‌కు, 2012లో వచ్చిన గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి ఈ తేడాతో ఒరిగేదేమీ లేదు. వాళ్ల పాత ఆటగాళ్ల కొడుకులు ఇంకా చిన్నపిల్లలే.