బిల్డ్ నడుస్తున్నా కాల్ తెగకూడదు: లినక్స్ షెడ్యూలర్‌పై నా సమీక్ష

నా పనిలో ఎనిమిది కోర్లూ నిండిపోవడం రోజూ ఉండేదే. వెనకాల పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్ కంపైల్ అవుతుంటుంది (అదే బిల్డ్, కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), ముందు ఎడిటర్ తెరిచి ఉంటుంది, హెడ్‌ఫోన్లలో కాల్ నడుస్తుంటుంది. బిల్డ్ త్వరగా ముగియాలి, కాల్‌లో మాట తెగకూడదు. ఏ పనికి ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో తేల్చేది షెడ్యూలర్. పాత పద్ధతి సీఎఫ్ఎస్ నుంచి ఇప్పటి పద్ధతి ఈఈవీడీఎఫ్ దాకా లినక్స్ షెడ్యూలర్‌ను ఇదే లోడ్ మీద వాడుతూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఏ పనికి తొందరో, ఏ పని ఆగగలదో మనం చెబితే ఈ షెడ్యూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. చెప్పకపోతే అందరినీ సమానంగా చూస్తుంది, అంతే.

2007లో 2.6.23 కెర్నల్‌తో (కెర్నల్ అంటే లినక్స్ కేంద్ర భాగం) వచ్చిన సీఎఫ్ఎస్, తక్కువ సీపీయూ వాడుకున్న పనికి ముందు వంతు ఇచ్చేది. ఎనిమిది కోర్ల మెషిన్‌లో అందరికీ ఒకసారి వంతు రావడానికి డిఫాల్ట్‌గా 24 మిల్లీసెకన్లు పెట్టుకునేది. ఒక్కో వంతు కనీసం 3 మిల్లీసెకన్లు. బిల్డ్‌కి ఇది మంచిదే, ఎందుకంటే పనుల్ని మాటిమాటికీ మార్చకపోతే క్యాష్ (సీపీయూ దగ్గరి వేగమైన మెమరీ) వృథా కాదు. ఆడియో సంగతి వేరు. 48,000 హెర్ట్జ్ దగ్గర 256 ఫ్రేముల బఫర్ (ముందుగా నింపి ఉంచే శబ్దం) అంటే 5.3 మిల్లీసెకన్లే. ఆలోపు వంతు రాకపోతే చెవిలో చిటపటలు మొదలవుతాయి. అందుకే ఆడియో సర్వర్లు రియల్‌టైమ్ ప్రాధాన్యం (మామూలు పనులకంటే ముందు వంతు) తీసుకుంటాయి. కాల్ నడిపే బ్రౌజర్‌లో మాత్రం అన్ని థ్రెడ్లకూ (లోపల విడివిడిగా నడిచే పనులకు) ఆ వసతి ఉండదు.

2023లో 6.6 కెర్నల్ నుంచి ఈఈవీడీఎఫ్ వచ్చింది. దీని మూలం 1995 నాటి అల్గారిథమ్. తన వాటా కంటే ఎక్కువ వాడేసిన పనిని కాసేపు పక్కన పెట్టి, మిగిలినవాటిలో ఎవరి డెడ్‌లైన్ దగ్గరుంటే వాళ్లని నడుపుతుంది. స్లైస్, అంటే ఒక్కో వంతు నిడివి, చిన్నదైతే డెడ్‌లైన్ త్వరగా వస్తుంది, మొత్తం వాటా మాత్రం పెరగదు. అంటే త్వరగా వంతు రావడం, ఎక్కువ సీపీయూ దొరకడం అనేవి రెండూ విడిపోయాయి. నాకు బాగా నచ్చింది ఇదే. నా బిల్డ్ సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ టైప్ చేస్తుంటే మధ్యలో వచ్చే కుదుపులు తగ్గాయి.

ఇక నైస్, అంటే ఒక పని మిగతావాటికి ఎంత దారి ఇవ్వాలో చెప్పే అంకె. 19 అంటే అన్నిటికంటే వెనక. బిల్డ్‌ని నైస్ 19లో పెట్టమని అందరూ చెబుతారు. లెక్క ప్రకారం దాని వెయిట్ (సీపీయూలో వాటాకి కొలత) 15, మామూలు పనికి 1024. అయినా చాలామందికి ఫలితం కనబడదు. కారణం ఆటోగ్రూప్. 2011 నుంచి కెర్నల్‌లో ఉన్న ఈ ఏర్పాటు ఆన్‌లో ఉంటే ప్రతి టెర్మినల్ సెషన్ ఒక గ్రూపవుతుంది, నైస్ ఆ గ్రూపు లోపలే పనిచేస్తుంది. బయట ఉన్న బ్రౌజర్‌తో పోటీలో గ్రూపుదే లెక్క. సీగ్రూపులు (పనుల్ని గ్రూపులుగా విడదీసే కెర్నల్ ఏర్పాటు) ఉన్న డెస్క్‌టాప్‌లోనూ దాదాపు ఇదే కథ. అందుకే నేను బిల్డ్‌ని సిస్టమ్‌డీ-రన్ అనే కమాండ్‌తో విడి స్కోప్‌లో, అంటే సొంత గ్రూపులో, సీపీయూ వెయిట్ 20 పెట్టి నడుపుతాను. డిఫాల్ట్ 100. కాల్ లేనప్పుడు బిల్డ్ అన్ని కోర్లనూ నిండా వాడుకుంటుంది, కాల్ మొదలవగానే తప్పుకుంటుంది. ఏ కెర్నల్ మార్పూ నాకింత మేలు చేయలేదు.

ప్రీఎంప్షన్‌ను, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి ఇంకోదానికి వంతు ఇచ్చే ఏర్పాటును, ఫుల్‌లో ఉంచుతాను. బ్యాచ్ పనులు మాత్రమే నడిచే సర్వర్లో అయితే నేనలా పెట్టను.

ఒక్క హెచ్చరిక. మెషిన్ బిగుసుకుపోయిన ప్రతిసారీ షెడ్యూలర్‌ని తిట్టకండి. /proc/pressure ఫోల్డర్‌లో సీపీయూ, మెమరీ ఫైళ్లు చూడండి, పనులు దేనికోసం ఆగుతున్నాయో అవి చెబుతాయి. మెమరీ అంకెలు పైకి పోతుంటే తగ్గించాల్సింది ఒకేసారి నడిచే కంపైల్ జాబ్‌ల సంఖ్యనే.

లోటు ఒకటుంది. 6.12 కెర్నల్ నుంచి ప్రోగ్రామ్ తన స్లైస్‌ని 0.1 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య అడిగి తీసుకోవచ్చు. కానీ నేను రోజూ వాడేవాటిలో అలా అడిగేది ఇంకా ఒక్కటీ కనబడలేదు. కాల్ యాప్‌లు రాసేవాళ్లు దీన్ని వాడుకుంటే నా స్కోప్ ఏర్పాటు అవసరమే ఉండకపోవచ్చు.