గేటు ఎన్నింటికి తీస్తరు?

లాడ్జి కౌంటరు దగ్గర అందరూ ముందు రేటు అడుగుతారు. నేను గేటు సంగతి అడుగుతాను. పొద్దున ఎన్నింటికి తీస్తరు? సైకిల్ రూములోకి తెచ్చుకోనిస్తరా? ఈ రెండింటికీ సరైన జవాబొస్తే బాత్రూం గొళ్ళెం పడుతుందో లేదో చూసొచ్చి, ఆ తర్వాతే డబ్బుల మాట. నల్లగొండ నుంచి ఒక ఏడాదిలో మూడు కాలాలూ సైకిల్ తొక్కితే గానీ ఈ వరస నాకు ఒంటబట్టలేదు. తోడు మా యారాలు, అంటే తోటికోడలు. నాకంటే తొమ్మిదేండ్లు చిన్నది. ధైర్యం నాకు రెట్టింపు, ఓపిక నాలో సగం.

మొదట పోయింది సెప్టెంబరులో, నాగార్జునసాగర్‌కు. గేట్లెత్తిన్రని టీవీలో చూసి అనుకున్నాం. బయల్దేరే ముందురోజు క్లాక్ టవర్ దగ్గర ఒక సైకిల్ షాపుకు పోతే, అక్కడి పెద్దాయన నా సీటు చూసి నవ్విండు. మనం ఆడవాళ్ళం రెండు కాళ్ళూ నేలకానేటట్టు సీటు కిందికి దించుకుంటాం కదా, పడిపోతామని భయం. "మడమ పెడలు మీద పెట్టున్రి మేడం. పెడలు కిందికున్నప్పుడు కాలు సాపుగ రావాలె" అని పానా తీసి మూడు వేళ్ళ మందం పైకి లేపిండు. అంతకుముందు పది కిలోమీటర్లకే పట్టేసే మోకాలు ఆ తర్వాత మళ్ళీ నొయ్యలేదు. దిగేటప్పుడు సీటు మీంచి ముందుకు జారి ఒక కాలు ఆనించడం నేర్చుకోవాలి, అంతే. రెండు పూటలు ఇంటి ముందు గల్లీలో తిరిగితే వచ్చేస్తుంది.

కానీ అదే షాపులో నేనొక తప్పు చేశాను. మెత్తగా, వెడల్పుగా ఉన్న స్ప్రింగు సీటు చూసి మనసు పడ్డాను. కనగల్ దాటేదాకా స్వర్గం, హాలియా వచ్చేసరికి నరకం. మెత్తటి సీటులో మనిషి దిగబడిపోతుంది. కూచునే ఎముకలకు ఆనుడు దొరకక బరువంతా మధ్యలో పడి ఒరుసుకుపోతుంది. ఆడవాళ్ళకు ఆ ఎముకల మధ్య దూరం మగవాళ్ళకన్నా సాధారణంగా ఎక్కువ. కాబట్టి సీటు వెనక భాగం కాస్త వెడల్పుగానే ఉండాలి, కానీ గట్టిగా ఉండాలి. పైనుంచి ప్యాడున్న షార్టు. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, నాలుగు నెలలు వేసుకుని బాధపడ్డాను. ఆ షార్టు మీద వదులు ప్యాంటు, మోకాళ్ళ దాకా కుర్తా వేస్తే ఊళ్ళో ఎవరి చూపూ ఆగదు. చున్నీ మాత్రం బ్యాగులోకే. వెనక చక్రం దాన్ని ఎట్లా లాగేసుకుంటుందో ఒకసారి చూశాను, చాలు.

పెద్దవూర దాకా తుంపర్లే. అక్కడ వాన పట్టుకుంది. యారాలు తెచ్చుకున్న పొడుగు రెయిన్‌కోటు గాలికి గొడుగులాగ ఉబ్బి ఆమెను పక్కకు లాగుతుంటే, ఒక మక్కకంకుల బండి దగ్గర ఆపి విప్పించాను. నడుం దాకా ఉండే జాకెట్టు చాలు. కింద తడిసినా తొందరగా ఆరే బట్టలుంటే ఇబ్బంది లేదు. తడిసిన కాటన్ ప్యాంటు బరువుతో తొడలు ఒరుసుకుపోవడం వానకన్నా పెద్ద శిక్ష. ఇంకో మాట. మా సైకిళ్ళకు రిమ్మును పట్టే పాతరకం బ్రేకులు. నీళ్ళు పడితే వెంటనే పట్టవు. దిగుడు రాకముందే రెండుమూడుసార్లు మెల్లగా నొక్కి రిమ్ము తుడుచుకోవాలి.

సాగర్‌లో మేము దిగిన ప్రైవేటు లాడ్జి పేరు చెప్పను. సైకిళ్ళు జనరేటర్ పక్కన, వానలోనే పెట్టమన్నారు. "రూముల పెడితే టైల్సు ఖరాబైతయి." పాత పేపర్లతో టైర్లు తుడిచి చూపించినా వినలేదు. బాత్రూం గొళ్ళెం విరిగి ఉంది. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు తలుపుకు బకెట్టు అడ్డం పెట్టి కాపలా. పొద్దున ఆరైనా గేటుకు తాళమే. తాళంచెవి వాచ్‌మన్ ఇంట్లో, వాచ్‌మన్ నిద్రలో. రేటు చూసి తక్కువనుకున్నాం, మా మూర్ఖత్వం. తెల్లారి జలాశయం ఒడ్డున టూరిజం వాళ్ళ విజయ విహార్‌లో టిఫిన్ చేస్తూ ఆ నీళ్ళు చూశాక, ఇంకో నాలుగు డబ్బులు పెట్టి ఇక్కడే దిగాల్సింది అనుకున్నాం.

చూసేవాటిలో డ్యామే ముందు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేసిన కట్ట, 26 క్రస్టు గేట్లు. కట్ట మీదికి మనల్ని పోనివ్వరు, కిందున్న వంతెన నుంచి చూడాలి. గేట్లెత్తిన రోజు ఆ వంతెన మీద కార్లు, సెల్ఫీలు, జనం. సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవడమే మేలు. పైలాన్ కాలనీకి దిగడం హాయి, తిరిగి హిల్ కాలనీకి ఎక్కడం గేర్లు లేకపోతే దిగి తోసుడే. సిగ్గేం లేదు. నాగార్జునకొండ లాంచీకి సగం రోజు పోతుంది, సైకిల్ మీద వచ్చినవాళ్ళకు నా సలహా మానుకోమనే. దానికి బదులు బుద్ధవనం. 274 ఎకరాలు, 2022 మేలో తెరిచారు. జాతక కథల శిల్పాల మధ్య మెల్లగా నడుస్తుంటే బిగిసిన పిక్కలు సడలుతాయి. మేము పోయిన రోజు ఆడవాళ్ళ టాయిలెట్టు శుభ్రంగా ఉంది. ఈ రాతలో ఈ వాక్యాన్నే జాగ్రత్తగా గుర్తుపెట్టుకోమంటాను.

చలికాలంలో దూరం పోలేదు. ఆదివారాలు పానగల్లు. ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లు, కానీ ఉదయసముద్రం కట్ట చుట్టుపక్కల తిరిగితే ఇరవై చేయొచ్చు. డిసెంబరులో ఆరున్నర దాటితే గానీ తెల్లారదు. చీకట్లో పోవడం ధైర్యం కాదు, తెలివితక్కువ. వెనక ఎర్రలైటు వెలిగించి, వెలుతురొచ్చాకే బయల్దేరేవాళ్ళం. పొద్దున చలికి లావు స్వెట్టరు వేసుకుంటే మూడో కిలోమీటరుకు చెమట, ఆగితే వణుకు. పల్చటివి రెండు వేసుకుని ఒకటి విప్పి నడుముకు కట్టుకోవడం మేలు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, వేళ్ళు కొంకర్లు పోతే బ్రేకు అందదు.

ఆ దారిలో దొంగ పల్లేరుకాయ. వానలకు బాటల పక్కన పరుచుకున్న తీగ చలికాలానికి ఎండి, ముళ్ళకాయలు రోడ్డంచుకు రాలుతాయి. బండ్లకు జాగా ఇద్దామని మనం సరిగ్గా ఆ అంచుకే పోతాం. పచ్చల సోమేశ్వరాలయం ముందు నా వెనక టైరు కూచుంది. టైరు విప్పి, ట్యూబు తీసి, బొక్క దొరికించుకుని ప్యాచు వేయడం నాకప్పటికే వచ్చు, గర్వంగా వేశాను. పది నిమిషాల్లో మళ్ళీ గాలి పోయింది. రెండోసారి యారాలు టైరు లోపల చున్నీ కొస పెట్టి మెల్లగా చుట్టూ తిప్పింది. ఒకచోట దారం చిక్కింది. గోటితో గిల్లితే బియ్యపుగింజలో సగం ముల్లు బయటికొచ్చింది. అదే ట్యూబును రెండోసారి పొడిచింది. "అక్కా, చున్నీ బ్యాగుల పెట్టుమన్నవు కదా, పనికొచ్చింది సూడు" అని నన్ను దెప్పడం ఈరోజుకీ ఆపలేదు. ఒక బుడ్డోడు మా పక్కన కూచుని మొత్తం చూసి, "మీరే ఏస్కుంటరా?" అని అడిగి, మళ్ళీ వాళ్ళమ్మను పిలుచుకొచ్చి చూపించిండు.

ఛాయా సోమేశ్వరాలయం గురించి చాలామంది రాశారు. మూడు గర్భగుళ్ళ గుడి, కందూరు చోళుల నాటిది, ఒక గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. నేను చెప్పేదల్లా, మధ్యాహ్నం గుంపుల్లో కాకుండా పొద్దున్నే పొండి. పోయే దారిలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల జాగ్రత్త కూడా. గింజల మీద సన్నటైరు గులకరాళ్ళ మీద పోయినట్టు జారుతుంది, కుప్ప చుట్టూ పెట్టిన రాళ్ళు నీడలో కనబడవు.

ఎండకాలానికి పాలమూరు. మే మొదటి వారం, అక్క ఇంట్లో పెండ్లి చుట్టాలు నిండి ఉన్నారు. ముందు చక్రాలు విప్పి బావ కారులో సైకిళ్ళు తెచ్చి, మేం లాడ్జిలో దిగాం. ఈసారి ఫోన్లోనే గేటు సంగతి అడిగాను. కౌంటరులో ఉన్న ఆమె, "ఎండల పడి పోకున్రి, నేనే నాలుగున్నరకు లేపుతా బిడ్డా" అంది. లేపింది కూడా, చాయ్‌తో. రూము చిన్నది, కూలరు గోలగోల. అయినా నా లెక్కలో ఇదే నంబరు వన్. సైకిళ్ళు మంచం కాళ్ళకు ఆనించుకుని పడుకున్నాం.

ఐదింటికి బయల్దేరి ఎనిమిదిన్నరలోపు నీడకు చేరాలి, అది మా నియమం. పిల్లలమర్రికి మొదటిరోజే పోయాం. గేటింకా తీయలేదు, అరుగు మీద కూచుని ముంజలు తిన్నాం. ఏడు వందల ఏండ్ల మర్రి అంటారు. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే సెలైను ఎక్కించినట్టు సీసాలు కట్టి మందు పట్టించిన చెట్టు. ఊడల కింద తిరగాలనే ఆశతో పోవద్దు, కంచె బయటి నుంచే చూడాలి. అయినా పోవాల్సిందే.

రెండోరోజు రాయచూరు రోడ్డులో మన్యంకొండ వైపు. అక్కడ దెబ్బతిన్నాం. యారాలు పొద్దుటి నుంచి నీళ్ళు తాగట్లేదని నాకు తెలియదు. దారిలో టాయిలెట్టు ఉండదని భయపడి గొంతు తడుపుకుని ఊరుకుంది. నెలసరి రెండోరోజు కూడా, చెప్పలేదు. కొండ కనబడేసరికి తల తిరుగుతుందంది, ఆ ఎండలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చెట్టుకింద పడుకోబెట్టి, మెడ మీద తడిగుడ్డ వేసి, లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా తాగించాను. అరగంటకు తేరుకుంది. కొండ ఎక్కలేదు, సైకిళ్ళు ట్రాలీ ఆటోలో వేసుకుని వెనక్కొచ్చాం.

ఆ రోజు తర్వాత నేను మొహమాటం మానేశాను. పెట్రోలు బంకు కనబడితే చాలు, అవసరమున్నా లేకున్నా ఆగి టాయిలెట్టు తాళంచెవి అడుగుతాను. ఒకచోట "ఓనరు దగ్గరుంది" అన్నారు, ఓనరుకు ఫోన్ చేయమని అక్కడే నిలబడ్డాను. తాళంచెవి కౌంటరు కిందే దొరికింది. బ్యాగులో పాత పేపర్లు, ప్లాస్టిక్ కవరు, ప్యాడ్లు, ఇంటి నుంచి పట్టిన రెండు లీటర్ల నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. ఫ్లోరైడ్ జిల్లాలో పెరిగినదాన్ని, బోరు నీళ్ళు సీసాలో పట్టుకునే అలవాటు లేదు. ఫోన్లో లైవ్ లొకేషన్ మా ఆయనకు పోతుంది. 100 నొక్కాల్సిన పని ఇంతవరకు పడలేదు.

వచ్చే నెల సోమశిల అనుకుంటున్నాం. నిన్న ఒక కాటేజీకి ఫోన్ చేశాను.

"గేటు ఎన్నింటికి తీస్తరన్నా?"

"గేటే లేదు మేడం."

సైకిల్ గురించి అడగబోతుంటే యారాలు ఫోన్ లాక్కుని, "అయితే బాత్రూంకు గొళ్ళెముందా?" అంది.