నది కనిపించని 'రివర్ వ్యూ' గది

కెనడాలోని విన్నిపెగ్ నగరానికి దక్షిణాన హైవే 75 పక్కనున్న ఓ చిన్న ఊళ్లో మోటెల్ తీసుకున్నాం. మామూలు గది 109 డాలర్లు. నాన్న నది చూస్తారని 129 పెట్టి 'రివర్ వ్యూ' గది బుక్ చేశాను. పన్నులతో 144 డాలర్ల 48 సెంట్లు. తీరా కర్టెన్ లాగితే ఎదురుగా గడ్డి పెరిగిన మట్టికట్ట! నది దాని అవతలుందట. కౌంటర్లో అడిగితే "కట్ట ఎక్కండి, కనిపిస్తుంది" అన్నాడు. ఎక్కువ కట్టిన 20 డాలర్లు తిరిగిమ్మంటే తల అడ్డంగా ఊపాడు. మా ఆవిడ ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు. మోసపోయానన్న మంట నాకిప్పటికీ తగ్గలేదు.

నాన్న కోనసీమ మనిషి. ఏటిగట్టు చూడగానే ఎక్కేశారు. "ఇంత గట్టు వేశారంటే ఏరు మంచిది కాదురా" అన్నారు. కింద బురద రంగులో రెడ్ రివర్, కదులుతోందా లేదా అన్నట్టుంది. కొట్టుకొస్తున్న ఓ కొమ్మని చూసి ప్రవాహం ఉత్తరానికని చెబితే నాన్న నమ్మలేదు. ఫోన్లో దిక్సూచి చూపించాను.

ఈ ఏటి గొడవంతా అక్కడే ఉంది. అమెరికాలో పుట్టి ఉత్తరాన విన్నిపెగ్ సరస్సులో కలుస్తుంది. వసంతంలో ఎగువన మంచు కరిగేసరికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లకి దారుండదు. పైగా ఈ నేలంతా అగాసిజ్ అనే మంచుయుగపు సరస్సు అడుగు, పళ్లెంలా చదును. పొంగిన నీటికి ఆగే చోటే లేదు. 1997లో పొలాలన్నీ మునిగి 'రెడ్ సీ' అనిపించుకున్నాయి. విన్నిపెగ్ బయటపడిందంటే 1950 వరద చూశాక 1962–68 మధ్య తవ్విన ఫ్లడ్‌వే వల్లే. అది 47 కిలోమీటర్ల కాలువ. వరదని నగరం చుట్టూ తిప్పి, ఉత్తరాన ఉన్న లాక్‌పోర్ట్ అనే ఊరి దిగువన మళ్లీ నదిలో కలుపుతుంది.

విన్నిపెగ్‌లో రెండు రోజులు హాయిగా గడిచాయి.

లాక్‌పోర్ట్ మాత్రం వదులుకోకండి. 1910లో తెరిచిన ఆనకట్ట కింద నురగలో తెల్లటి గూడబాతులు గుంపులుగా చేపల కోసం కాచుకున్నాయి. కొల్లేటి పక్షులు గుర్తొచ్చి మా ఆవిడ ముఖం విప్పారింది. గట్టున ఒకాయన చేయంత పొడవున్న క్యాట్‌ఫిష్ పట్టి, మాకు చూపించి, తిరిగి నీళ్లలో వదిలేశాడు. "వాలుగలా ఉంది, పులుసు పెడితే ఇంటిల్లిపాదికీ వచ్చేది" అని నాన్న కారెక్కేదాకా బాధపడ్డారు. నలుగురం చిప్స్, ఐస్‌క్రీమ్ తింటే 38 డాలర్లయింది.

బస విన్నిపెగ్‌లోనే పెట్టుకోండి. దక్షిణాన గది తీసుకుంటే మాత్రం, గదికీ నదికీ మధ్య కట్ట ఉందో లేదో ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి.