లాగడం వేరు, మోయడం వేరు: టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి కొలరాడోలోని మెసా వెర్డె దాకా హాఫ్ టన్ పికప్, ట్రావెల్ ట్రైలర్

ట్రైలర్ అమ్మేవాళ్ళు చెప్పేది ఒకే అంకె. మీ పికప్ 11,000 పౌండ్లు లాగుతుంది, ఈ ట్రైలర్ ఖాళీ బరువు 4,900 పౌండ్లే, ఇంకేం ఆలోచిస్తారు అంటారు. మాకు ట్రైలర్ అమ్మినాయనా అదే అన్నాడు. డ్రైవర్ తలుపు తీసి అక్కడున్న స్టిక్కర్ చదవమని మాత్రం అనలేదు. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో ఆ తెలుపు, పసుపు స్టిక్కర్ మీద అచ్చు వేసి ఉంటుంది. మాది ఫోర్డ్ ఎఫ్-150, హాఫ్ టన్ తరగతి పికప్; దాని మీద ఉన్నది 1,480 పౌండ్లు. హాఫ్ టన్ బండి దెబ్బతినేది ఈ అంకె దగ్గరే. ఇంజన్ ఎప్పుడూ చాలుతుంది, చాలనిది మోసే శక్తి. ఒకే మోడల్‌లో కూడా ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద సన్‌రూఫ్, ఖరీదైన సీట్లు చేరేకొద్దీ ఈ అంకె తగ్గిపోతుంది. కాబట్టి బ్రోషర్ చూసి కాదు, మీ బండి తలుపు మీదది చూసి లెక్క వేయండి.

లెక్క ఇలా ఉంటుంది. నీళ్ళు, గ్యాస్, సామాను నింపాక ట్రైలర్ 5,900 పౌండ్లు తూగింది. ట్రావెల్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ (ట్రక్ వెనక ట్రైలర్ తగిలించే గుండు) మీద పడాలి, అంతకంటే తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది. 13 శాతం అనుకుంటే 770. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ఆ బరువును ఇనప బార్లతో ముందు చక్రాలకూ పంచే అమరిక) బరువు 95. నలుగురు మనుషులు 600. వెనక తొట్టిలో కూలర్, కుర్చీలు, పనిముట్లు, బియ్యం మూట కలిపి 200. తొట్టి మీది కవర్ 60. మొత్తం 1,725. అంటే 245 పౌండ్లు ఎక్కువ, అదీ బయలుదేరకముందే.

దీనికి మందు రెండు పనులు. మంచినీళ్ళ ట్యాంకు 40 గాలన్లది. గాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, అంటే నిండు ట్యాంకు 334 పౌండ్లు. ఈ ట్రైలర్‌లో ట్యాంకు ఇరుసుల కంటే ముందుంది కాబట్టి దాన్ని ఖాళీ చేసి లాగితే హిచ్ మీద బరువు బాగా దిగుతుంది. రెండోది, తొట్టిలోని సామానులో 160 పౌండ్లు తీసి ట్రైలర్‌లో సరిగ్గా ఇరుసుల పైన, నేల మీద పెట్టడం. అలాగని వెనక చివర పెడితే హిచ్ తేలికై బండి ఊగుతుంది. ఈ రెండూ చేశాక హిచ్ మీద 670, ట్రక్ మీద మొత్తం 1,465. హద్దుకు 15 పౌండ్లు లోపల.

అంచనాలతో ఆగకండి, లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేలు మీద తూయించండి. మూడు తూకాలు కావాలి: హిచ్ బార్లు బిగించి ఒకటి, బార్లు తీసి ఒకటి, ట్రైలర్ విప్పేసి ట్రక్ ఒక్కటే ఒకటి. 24 గంటల్లోపు అక్కడే మళ్ళీ తూయిస్తే తక్కువ తీసుకుంటారు, మూడూ కలిపి పాతిక డాలర్లు దాటలేదు. ట్రక్ ఒక్కటే ఉన్నప్పుడు ముందు ఇరుసు 3,140, వెనకది 2,775. బార్లు లేకుండా తగిలిస్తే ముందు 2,840, వెనక 3,745. ఈ రెండు మొత్తాల తేడా 670, అదే హిచ్ మీది అసలు బరువు. ముందు చక్రాల మీద 300 పౌండ్లు తగ్గాయి కాబట్టి స్టీరింగ్ తేలిపోతుంది. బార్లు బిగించాక ముందు 3,020, వెనక 3,460 వచ్చాయి. పోయిన 300లో 180 తిరిగొచ్చింది, 105 పౌండ్లు ట్రైలర్ ఇరుసుల మీదికి వెళ్ళింది. ముందు ఇరుసుకు ఎంత తిరిగి రావాలో మీ ట్రక్ మాన్యువల్ చెబుతుంది. మొత్తం పూర్తిగా వెనక్కి రావాలని బార్లను అతిగా బిగించేవాళ్ళున్నారు, అది తప్పు, వెనక చక్రాల పట్టు పోతుంది.

యు.ఎస్. 287 మీద విచిటా ఫాల్స్ దాటాక అమరిల్లో దాకా చెట్టూ చేమా ఉండవు, పక్కగాలి ఒక్కటే. గాలి ఎంత కొట్టినా గంటకు 62 మైళ్ళు దాటకపోతే బండి మాట వింటుంది. ట్రైలర్లకు వేసే ఎస్.టి. టైర్లలో వేగం గుర్తు లేనివాటికి 65 మైళ్ళే హద్దు, మీద రాసి ఉన్న పూర్తి గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే నింపాలి. చక్రాల నట్లు మొదటి 50 మైళ్ళ తర్వాత టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించాలి. ఊగడం మొదలైతే ట్రక్ బ్రేక్ తొక్కకండి. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, డ్రైవర్ దగ్గర ఉండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీది చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి. పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడల్లా వెనక సీట్లో అత్తయ్యగారు ముందు సీటు గట్టిగా పట్టుకున్నారు. డాల్‌హార్ట్ దాటేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

అమరిల్లో దగ్గర ప్రైవేటు ఆర్.వి. పార్కులో (ట్రైలర్లు నిలుపుకునే చోటు) ఒక రాత్రికి 62 డాలర్లు. ఈ యాత్ర మొత్తంలో దండగ అయిన డబ్బు ఇదే. 30 ఆంప్స్ పాయింటు ప్లాస్టిక్ నల్లగా కమిలిపోయి ఉంది, లోపలి రేకులు వదులు. మధ్యాహ్నం 118 వోల్టులు చూపించింది, సాయంత్రం అయిదింటికి అందరూ ఏసీలు వేశాక 106కు పడిపోయింది. వోల్టేజి తగ్గేకొద్దీ ఏసీ కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోతుంది. పాయింటుకూ ట్రైలర్‌కూ మధ్యలో పెట్టిన ఈ.ఎం.ఎస్. అనే రక్షణ పెట్టె 104కు దిగగానే లైను కోసేసింది కాబట్టి ఏసీ బతికింది. ఆఫీసులో అడిగితే మీ ట్రైలర్‌లోనే లోపం అన్నారు. 50 ఆంప్స్ స్థలానికి మారాలంటే ఇంకో 15 డాలర్లట. నిజానికి ఒకే స్తంభం మీద రెండు పాయింట్లూ ఉంటే 50 నుంచి 30కి మార్చే డాగ్‌బోన్ తగిలించి 50 పాయింటు వాడుకోవచ్చు. అది అంతగా అరిగి ఉండదు, పట్టు గట్టిగా ఉంటుంది. పార్కు వైరింగే సన్నదైతే మాత్రం ఏదీ పనిచేయదు. డబ్బు కట్టకముందే మీటర్ పెట్టి చూడండి, సాయంత్రం మరోసారి చూడండి, అంకె కనిపించేలా ఫొటో తీయండి.

మన వంటలకు ఈ 30 ఆంప్స్ లెక్క ఇంకా ముఖ్యం. 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లే. 13,500 బి.టి.యు. ఏసీ దాదాపు 13 ఆంప్స్ తీసుకుంటుంది, 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి 15. అంటే 28 అయిపోయాయి. అప్పుడు ఎవరైనా మైక్రోవేవ్ నొక్కితే బ్రేకర్ పడుతుంది. అన్నం, పప్పు ట్రైలర్ గ్యాస్ పొయ్యి మీదే పెట్టుకోవడం మేలు.

అక్కడికి దగ్గర్లోనే పాలో డ్యూరో క్యాన్యన్ స్టేట్ పార్కు ఉంది. 13 ఏళ్ళు నిండినవారికి మనిషికి 8 డాలర్ల ప్రవేశం, స్థలం అద్దె వేరు. ప్రైవేటు పార్కుల కంటే వంద రెట్లు బాగుంటుంది, కానీ అయిదు నెలల ముందే బుక్ చేసుకోవాలి. లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు, పై నుంచే తక్కువ గేరులో దిగండి.

రటోన్ కనుమ 7,834 అడుగులు, ఇబ్బంది లేదు. కొలరాడోలోకి వచ్చాక పెట్రోలు పంపు దగ్గర ఒక్క జాగ్రత్త: అక్కడ చవక రకం 85 ఆక్టేన్. ట్రైలర్ లాగే టర్బో ఇంజన్‌కు అది పోయకండి, 87కు తక్కువ వద్దు.

గ్రేట్ సాండ్ డ్యూన్స్‌లో పిన్యాన్ ఫ్లాట్స్ క్యాంప్‌గ్రౌండ్ రాత్రికి 20 డాలర్లు, పార్కు ప్రవేశం బండికి 25. కరెంటు లేదు, నీళ్ళ కనెక్షన్ లేదు, స్నానాల గదులు లేవు. కానీ ఇసుక కొండల ఎదుట పొద్దున్నే తలుపు తీస్తే 62 డాలర్ల పార్కును తలుచుకోబుద్ధి కాదు. మే చివర, జూన్ మొదట్లో మెడానో వాగు పారుతుంది, పిల్లలకు అదే పండగ. ఎండాకాలం మధ్యాహ్నం ఇసుక 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాలుతుంది, కొండ ఎక్కేవాళ్ళు పొద్దున్నే ఎక్కి దిగిపోవాలి. నీళ్ళు కుళాయి దగ్గర 5 గాలన్ల డబ్బాల్లో పట్టుకోవాలి, ఒక్కోటి 42 పౌండ్లు. 8,200 అడుగుల ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి కాబట్టి మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తప్పనిసరి, ఇంట్లో కంటే రెండు విజిళ్ళు ఎక్కువ పట్టాయి. అత్తయ్యగారి ముఖం మళ్ళీ విప్పారింది ఆ రాత్రి టమాటా పప్పు, ఆవకాయ దగ్గరే. 2,000 వాట్ల జనరేటర్ ఈ ఎత్తులో నాలుగో వంతుకు పైగా శక్తి కోల్పోతుంది, ఏసీ మోయలేదు. రాత్రుళ్ళు చలే కాబట్టి ఏసీ అక్కర్లేదు కూడా.

వుల్ఫ్ క్రీక్ కనుమ 10,857 అడుగులు. సౌత్ ఫోర్క్ వైపు నుంచి ఎక్కడం ఓపికతో అయిపోతుంది. పగోసా స్ప్రింగ్స్ వైపు దిగుడే అసలు పరీక్ష, 6.8 శాతం వాలు, బ్రేకులు పోయిన లారీల కోసం వదులు కంకర దారులు కట్టి ఉంచారంటే అర్థం చేసుకోండి. పైన ఆగి కంట్రోలర్ గెయిన్ (ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పడాలో చెప్పే అమరిక) సరిచూడాలి. చదునైన చోట 20 మైళ్ళ వేగంలో చేతి మీట పూర్తిగా నొక్కితే ట్రైలర్ చక్రాలు బిగుసుకోబోయే దాకా గెయిన్ పెంచి, అక్కణ్ణుంచి కాస్త తగ్గించాలి. టో హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేరు అమరిక) వేసి, దిగుడు మొదలవకముందే గేరు తగ్గించి, 40 మైళ్ళ దగ్గర ఇంజనే బండిని పట్టుకునేలా చూడాలి. 45కు పెరిగితే గట్టిగా బ్రేక్ తొక్కి 35కు తెచ్చి పూర్తిగా వదిలేయాలి. ఒక కాలు ఎప్పుడూ బ్రేక్ మీదే ఉంచి దిగేవాళ్ళ బండ్ల నుంచే కాలిన వాసన వస్తుంది. ఇంజన్ నిమిషానికి 4,000 తిరుగుళ్ళతో అరుస్తుంటే భయపడకండి, దానికేం కాదు.

మెసా వెర్డెలో మోర్‌ఫీల్డ్ క్యాంప్‌గ్రౌండ్ దాటి ట్రైలర్లను పోనివ్వరు. ట్రైలర్ అక్కడ విప్పి, పికప్‌తో వెళ్ళడమే. 267 స్థలాల్లో పూర్తి కనెక్షన్లు (కరెంటు, నీళ్ళు, మురుగు) ఉన్నవి 15 మాత్రమే, అవి నెలల ముందే అయిపోతాయి. క్లిఫ్ ప్యాలెస్ చూడటానికి టిక్కెట్ మనిషికి 8 డాలర్లు, 14 రోజుల ముందు తెరుస్తారు. డురాంగో మీదుగా సిల్వర్టన్, యూరే వెళ్ళే ఆలోచన ఉంటే ట్రైలర్ డురాంగోలోనే వదలండి. రెడ్ మౌంటెన్ కనుమ 11,018 అడుగులు, యూరే వైపు రోడ్డు అంచున చాలాచోట్ల రెయిలింగే లేదు.

తిరుగు ప్రయాణం రెండు రోజుల్లో నిమ్మళంగా అయిపోయింది. పోను రాను ట్రైలర్‌తో 1,870 మైళ్ళు, 196 గాలన్లు, 621 డాలర్లు. అంటే గాలన్‌కు తొమ్మిదిన్నర మైళ్ళు, ఉత్తి ట్రక్‌కు వచ్చేదాంట్లో సగం. 26 గాలన్ల ట్యాంకుతో 180 మైళ్ళకే పంపు వెతుక్కోవాలి. అమరిల్లో పార్కు 62 డాలర్లు వెనక్కివ్వనంది. ఈ.ఎం.ఎస్. మీద 106 కనిపిస్తున్న ఫొటో, కమిలిన పాయింటు ఫొటో క్రెడిట్ కార్డు కంపెనీకి పంపితే మూడు వారాల్లో డబ్బు వెనక్కి వచ్చింది.