ఇంగ్లీషు వాక్యం పూర్తయిందా, సగంలో ఆగిందా: కర్తాక్రియలను వెతకడం మేలా, తెలుగులో చెప్పి చూడడం మేలా?

గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గరకు సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే పదో తరగతి అబ్బాయి ఒకడు, శ్రద్ధ గలవాడే, కిందటి వారం తన కాంపోజిషన్ నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. అందులో ఒక వరుస ఇలా ఉంది: ‘బికాజ్ ది మిర్చి యార్డ్ వాజ్ క్లోజ్డ్ ఫర్ త్రీ డేస్.’ దాని కింద ఎర్ర గీత గీయగానే, “మాస్టారూ, యార్డ్ సబ్జెక్టు, వాజ్ క్లోజ్డ్ వెర్బు, చివర ఫుల్‌స్టాపు కూడా పెట్టాను. ఇంకేం తక్కువైందండీ?” అని అడిగాడు. అతడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. లోపం అతడికి నేర్పిన పద్ధతిలో ఉంది, ఆ పద్ధతి నేర్పినవాణ్ణి నేనే.

పూర్తి వాక్యాన్నీ, ఫ్రాగ్మెంట్ అనే అసంపూర్ణ వాక్యాన్నీ వేరుచేయడానికి పిల్లలకు మొట్టమొదట చెప్పేది ‘పూర్తి అర్థం ఇచ్చేదే వాక్యం’ అనే నిర్వచనం. దీని మీద ఎక్కువసేపు నిలబడనక్కరలేదు. ‘హి డిడ్ ఇట్ దెన్’ అన్నప్పుడు ఎవరు, ఏమి, ఎప్పుడు అన్నవి మూడూ తెలియవు, అయినా అది నిక్షేపమైన వాక్యమే. ‘మై గ్రాండ్‌మదర్స్ ఓల్డ్ హౌస్ ఇన్ తెనాలి’ అన్నప్పుడు ఇల్లంతా కళ్ళకు కడుతుంది, కాని అది వాక్యం కాదు. పొడవును చూసి పోల్చుకుందామన్నా కుదరదు, ‘గో’ అనే ఒక్క మాటా వాక్యమే.

రెండో పద్ధతి కర్తను, కాలాన్ని బట్టి మారే క్రియను వెతకడం. ఇందులో పిల్లలు తడబడేది క్రియ దగ్గరే. ‘ది ప్రకాశం బ్యారేజ్, బిల్ట్ అక్రాస్ ది కృష్ణా’ అన్న మాటల్లో ‘బిల్ట్’ క్రియలాగే కనిపిస్తుంది. అది నిజంగా వాక్యాన్ని మోసే క్రియ అవునో కాదో తేల్చడానికి నిన్న, రోజూ, రేపు అన్న మూడు కాలాల్లో దాన్ని మార్చి చూడమంటాను. ‘వెంట్’ అన్నది ‘గోస్’ గానూ, ‘విల్ గో’ గానూ మారుతుంది. ఇక్కడి ‘బిల్ట్’ కదలదు, ఎందుకంటే అది ‘కట్టిన’ అనే విశేషణం పని చేస్తోంది. ‘వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957’ అని చేర్చిన తరువాతే అక్కడ వాక్యం నిలబడుతుంది.

ఈ పద్ధతి మన పిల్లలకు అత్యవసరం కావడానికి కారణం తెలుగే. ‘మా నాన్న టీచరు’ అన్నది మనకు క్రియ లేని సంపూర్ణ వాక్యం, వ్యాకరణంలో దానికి క్రియారహిత వాక్యమని పేరు కూడా ఉంది. ‘గుంటూరు వెళ్ళాను’ అన్నప్పుడు కర్తను చెప్పనక్కరలేదు, క్రియ చివరి ‘ను’ అనే అక్షరమే ‘నేను’ అని చెప్పేస్తుంది. అందుకే ‘మై ఫాదర్ ఏ టీచర్’ అనీ, ‘వెంట్ టు గుంటూరు’ అనీ రాసిన పిల్లవాడికి తన రాతలో వెలితి కనబడదు. ఇంగ్లీషులో ‘ఈజ్’ లేకపోతే మొదటిది కూలిపోతుంది. ‘వెంట్’ అన్న మాటలో ఎవరు వెళ్ళారో లేదు కాబట్టి రెండోదానికి తల ఉండదు. కర్తను విడిచిపెట్టడానికి ఇంగ్లీషు మామూలుగా ఒప్పుకొనేది ‘ఓపెన్ ది విండో’ వంటి ఆజ్ఞల్లోనే.

అయితే మిర్చి యార్డు వాక్యంలో కర్త ఉంది, కాలాన్ని బట్టి మారే క్రియ ఉంది, అయినా అది సగం వాక్యమే. ‘బికాజ్’, ‘ఇఫ్’, ‘వెన్’, ‘ఆల్దో’ వంటి మాట ముందు చేరితే నిండు వాక్యం కూడా మరొక వాక్యానికి అనుబంధంగా మారిపోతుంది. ఆ మాటల పట్టీని బట్టీ పట్టించవచ్చు, చాలామంది పట్టిస్తారు కూడా. దానివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, ‘బికాజ్’తో వాక్యం మొదలుపెట్టనే కూడదని పిల్లలు భయపడతారు. ఎందుకు అన్న ప్రశ్నకు నోటితో ‘బికాజ్ హి వాజ్ ఇల్’ అని జవాబిస్తే ఎవరూ తప్పు పట్టరు. పరీక్ష కాగితం మీద అదే జవాబుకు మాత్రం మొదటి సగమూ కావాలి.

ఇక్కడే మూడో పద్ధతి పనికివస్తుంది. అదే మాటలను తెలుగులో చెప్పి, చివర ఆగి వినాలి. తెలుగులో అనుబంధ వాక్యానికి గుర్తు ముందు కాదు, చివర క్రియలోనే ఉంటుంది: వచ్చి, వస్తూ, వస్తే, వచ్చినా, వచ్చినందువల్ల. తెలుగు మాస్టారు క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అని చెప్పి, ఇవి అసమాపక క్రియలు, వీటితో వాక్యం ముగియదని నేర్పే ఉంటారు. ఆ పాఠం రాకపోయినా చెవికి తెలుసు. ‘వాన వస్తే’ అని ఆగితే ఎదుటివాడు ‘వస్తే?’ అంటాడు. ‘రన్నింగ్ టు ది బస్ స్టాండ్’ను ‘బస్టాండుకు పరుగెత్తుతూ’ అన్నా, బ్యారేజీ మాటలను ‘కృష్ణ మీద కట్టిన ప్రకాశం బ్యారేజీ’ అన్నా వాక్యం ముగియలేదని వెంటనే వినబడుతుంది.

ఈ పద్ధతికీ మోసపోయే చోట్లున్నాయి. ‘మై ఫాదర్ ఏ టీచర్’ను తెలుగులో చెప్పి చూస్తే పరీక్ష దర్జాగా నెగ్గుతుంది. అంతకంటే గడుసుది ‘ఎందుకంటే’ అన్న మాట. ‘బికాజ్’కు దాన్ని వాడితే ‘ఎందుకంటే యార్డు మూసేశారు’ అని సమాపక క్రియతో ముగిసి, తప్పు దాక్కుంటుంది. అందుచేత ఈ పరీక్షలో ‘ఎందుకంటే’ను నిషేధించి, ‘వచ్చినందువల్ల’లో లాగా క్రియ చివర ‘అందువల్ల’ను కలిపే చెప్పమంటాను.

ఇంకో పద్ధతి కూడా చూశాను. రే నొగూచి అనే అమెరికా అధ్యాపకుడు 1991లో సూచించినది. ‘దే రిఫ్యూజ్డ్ టు బిలీవ్ ది ఐడియా దట్’ అన్న మాటల వెనక మన వరుసను పెట్టి చదివితే, అతికినది వాక్యం, అతకనిది ఫ్రాగ్మెంట్. ఆజ్ఞలకూ ప్రశ్నలకూ ఇది పనిచేయదన్నది చిన్న విషయం. అతికిందో లేదో చెప్పవలసింది ఇంగ్లీషు చెవి, మా పిల్లలకు ఇంకా రానిది అదే. ఇంట్లో ఇంగ్లీషు వినే పిల్లలకైతే ఇంతకన్నా చురుకైన పద్ధతి లేదు.

కనుక ఆరు, ఏడు తరగతుల వారికి కర్తాక్రియల వెతుకులాటే మేలు. వారి తప్పులు ఎక్కువగా ‘ఈజ్’, ‘ఐ’ వదిలేయడం వల్ల వచ్చేవి. తొమ్మిది, పదికి వచ్చి పొడుగు వాక్యాలు రాయడం మొదలుపెట్టాక తెలుగులో చెప్పి చూడడమే మేలంటాను, కర్తాక్రియలను సరిచూసిన తరువాతే సుమా. ఒకటి వదిలేసిన తప్పును రెండోది పట్టుకుంటుంది, వరస తారుమారైతే ఆ లాభం ఉండదు. ఇంగ్లీషు గంటలో తెలుగు వినబడితే జరిమానా వేసే బడులున్న ఊళ్ళో ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు.

ఆ అబ్బాయిని కూడా తన వరుసను తెలుగులో చెప్పమన్నాను. మొదట ‘ఎందుకంటే’ అనే మొదలుపెట్టాడు. అలా కాదన్నాక, “మూడు రోజులు మిర్చి యార్డు మూసేసినందువల్ల...” అని ఆగి, నా వంక చూసి నవ్వాడు. ఫుల్‌స్టాపు చుక్కకు పెన్నుతో కిందికి చిన్న తోక లాగి కామా చేసి, దాని పక్కన ‘ది ఫార్మర్స్ స్లెప్ట్ ఆన్ దెయిర్ బ్యాగ్స్’ అని రాశాడు.