లూలూతో చాలాకాలం ఆడాక: సపోర్ట్ ఎవరిని కాపాడాలి?

అయిదుగురు చొప్పున రెండు జట్లు పోరాడే వీడియో గేమ్ లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో సపోర్ట్ (తోటివాళ్లను కాపాడే పాత్ర) తీసుకున్న ప్రతివాళ్లకీ మొదట దొరికే సలహా ఒకటే: "ఏడీసీని వదలకు." ఏడీసీ అంటే దూరం నుంచి కొట్టే క్యారీ, జట్టును గెలిపించాల్సినవాడు. బాట్ లేన్‌లో (మ్యాప్ కింది దారిలో) ఇద్దరే ఉన్నంతసేపు ఆ సలహాలో తప్పేమీ లేదు. లేన్‌లు కలిసిపోయి అయిదుగురూ ఒకచోట చేరాక కూడా అదే పట్టుకుంటే మాత్రం గెలిచే ఆటలు చేజారతాయి. కొన్నేళ్లుగా ర్యాంక్‌డ్‌లో (ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లలో) నేను ఎక్కువగా ఎంచుకునే చాంపియన్ (పాత్ర) లూలూనే. ఈ సమీక్ష ఆమె గురించే అయినా, రాస్తున్నది ఎక్కువగా ఆమె షీల్డ్ (కాసేపు దెబ్బలు ఆపే కవచం) ఎవరికి దక్కాలన్న దాని గురించి.

2012లో వచ్చిన లూలూ దగ్గర రెండు బటన్‌లకు రెండేసి పనులున్నాయి. విమ్సీ అనే స్పెల్ మనవాళ్ల మీద వేస్తే దాడి వేగం, నడక వేగం పెరుగుతాయి. శత్రువు మీద వేస్తే వాడు ఒకటి రెండు సెకన్లపాటు బుల్లి జంతువైపోతాడు, కొట్టలేడు, స్పెల్ వేయలేడు. హెల్ప్ పిక్స్ మనవాళ్లకు షీల్డ్ ఇస్తుంది, పైగా లూలూ వెంట తిరిగే బుల్లి తోడు పిక్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లు కొట్టిన ప్రతిసారీ తనూ తూటాలు వేస్తాడు. అదే శత్రువు మీద వేస్తే దెబ్బ తగులుతుంది, వాడు పొదలో దూరినా కనిపిస్తాడు. ఇక అల్ట్ (అన్నిటికంటే బలమైన స్పెల్) వైల్డ్ గ్రోత్. ఒకరిని భారీగా పెంచి, చుట్టూ ఉన్న శత్రువులను గాల్లోకి ఎగరేసి, ఏడు సెకన్లపాటు అదనపు హెల్త్ ఇస్తుంది. ఇన్ని ఉన్నా ఒక టీమ్‌ఫైట్‌లో వీటిని మనసుపెట్టి వాడే అవకాశం ఒక్కసారే. అందుకే లూలూ ఆడటమంటే వేళ్ల వేగం కంటే ఎంపిక ముఖ్యం.

ఆమె ఇచ్చేది వాడుకోగలిగేవాళ్లు ఎవరన్నది మొదట చూస్తాను. కాగ్‌మా, వేన్, ట్విచ్ లాంటివాళ్లు వరసగా కొడుతూనే ఉండాలి. దాడి వేగం, పిక్స్ తూటాలు రెండూ వాళ్లకు కలిసొస్తాయి. పారిపోయే దారి సొంతంగా లేని కాగ్‌మాకైతే మరీను. ఎజ్రియల్ అలా కాదు. అతనికి సొంత బ్లింక్ (క్షణంలో కాస్త దూరం మారిపోయే స్పెల్) ఉంది, అతని దెబ్బ ఎక్కువగా స్పెల్స్‌లోంచే వస్తుంది. ఎజ్రియల్ ఏడీసీగా ఉన్న ఆటలో నా షీల్డ్ చాలాసార్లు వేరేవాళ్లకే పోతుంది. అతను కోప్పడి ప్రశ్నార్థకాల పింగ్‌లు కొడతాడు, కొట్టనివ్వండి.

జింక్స్ సంగతి ఇంకోలా ఉంటుంది. ఆమె పాసివ్ (బటన్ నొక్కకుండానే పనిచేసే శక్తి) వల్ల ఒక శత్రువు పడిపోగానే నడక వేగం, దాడి వేగం ఒక్కసారిగా పెరుగుతాయి. కాబట్టి ఆమెను కాపాడాల్సింది ఫైట్ మొత్తం కాదు, మొదటి కిల్ పడేదాకా. అది పడ్డాక ఆమే అందరినీ తరుముతుంది, అప్పుడు నా కళ్లు మిడ్ లేనర్ (మధ్య దారిలో ఆడేవాడు) వైపు తిరుగుతాయి. ఈ మలుపు కనిపెట్టలేని సపోర్ట్‌లు గెలిచేసిన ఫైట్‌లో షీల్డ్‌లు జింక్స్ మీదే వృథా చేస్తుంటారు.

ఏడీసీ మూడుసార్లు చనిపోయి, జంగ్లర్ (అడవిలో తిరిగే ఆటగాడు) మాస్టర్ యీ బాగా ఫీడ్ అయిన (కిల్స్‌తో బంగారం పోగేసిన) ఆటలో ఇంకా ఏడీసీ వెనక నడవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. యీ కిల్ పడితే అల్ట్ వ్యవధి పెరిగే చాంపియన్. అతనికి విమ్సీ, వైల్డ్ గ్రోత్ రెండూ ఇస్తే ఆపడం కష్టం. బంగారం ఎవరి దగ్గరుందో టాబ్ నొక్కి చూడటానికి ఒక్క సెకను చాలు. పైగా ఫీడ్ అయినవాళ్ల తలమీద బౌంటీ ఉంటుంది. మామూలు కిల్‌కి 300 బంగారమైతే వాళ్లను చంపితే అంతకంటే ఎక్కువే శత్రువుకు పోతుంది.

చాలామంది షీల్డ్ వేసేది హెల్త్ బార్ చూసి. ముందు నిలబడే ట్యాంక్ బార్ ఎప్పుడూ తగ్గుతూనే ఉంటుంది, దెబ్బలు తినడమే అతని పని. ఆ షీల్డ్ రెండున్నర సెకన్లే ఉంటుందని గుర్తుంటే దాన్ని ఇప్పటికే తగిలిన దెబ్బకు కాకుండా తగలబోయే దెబ్బకు దాచుకుంటారు. నేను ఫైట్‌లో మనవాళ్ల కంటే ఎక్కువగా చూసేది అవతలి అసాసిన్‌ని (మీదికి దూకి ఒకరిని చటుక్కున చంపే పాత్ర). జెడ్ అనే అసాసిన్ అల్ట్ వేసి మాయమై మనవాళ్ల పక్కన తేలతాడు, తేలగానే విమ్సీతో జంతువును చేస్తే మిగతా స్పెల్స్ వేయలేక ఆగిపోతాడు. అల్ట్‌తో అతను పెట్టిన గుర్తు మూడు సెకన్ల తర్వాత పేలేటప్పటికి షీల్డ్ ఉండాలి, అప్పటికీ చాలకపోతేనే వైల్డ్ గ్రోత్. కాటరీనా గిరగిరా తిరుగుతూ కత్తులు విసురుతుంటే ఆమె పక్కన ఉన్న మనవాళ్ల మీద అల్ట్ వేస్తే వాళ్లకు హెల్త్ దొరుకుతుంది, ఆమె అల్ట్ తెగిపోతుంది. అంటే ఎవరిని కాపాడాలన్నది సగం శత్రువే చెబుతాడు: ఎవరి మీదికి దూకుతాడో వాళ్లను.

ఫ్లాష్ (తప్పించుకోవడానికి కాస్త దూరం ఎగిరే స్పెల్) కూడా చూడాలి. దాని కూల్‌డౌన్ (మళ్లీ వాడేదాకా ఆగాల్సిన సమయం) 300 సెకన్లు. మన మిడ్ లేనర్ ఇప్పుడే ఫ్లాష్ వాడేసి, ఏడీసీ దగ్గర ఇంకా ఉంటే, వచ్చే అయిదు నిమిషాల్లో నా దగ్గర నిలబడాల్సింది మిడ్ లేనరే. ఈ చిన్న లెక్క వేసేవాళ్లు తక్కువ.

బ్యారన్ (చంపితే జట్టుకు బలమిచ్చే పెద్ద రాక్షసి) దగ్గర లెక్క ఇంకా మారిపోతుంది. అక్కడ స్మైట్ (రాక్షసులను కొట్టే స్పెల్) ఉన్న జంగ్లర్ బతికుండాలి, ఎంత పేదవాడైనా సరే. స్మైట్ పడి బ్యారన్ మనదయ్యేదాకా నా అల్ట్ అతనిదే. పడిన మరుక్షణం మళ్లీ ఏడీసీది.

"క్యారీ ఒక్కరే దేవుడు" అన్న సలహాకు ఊపు వచ్చిన కాలం ఒకటుంది. 2017లో ఆర్డెంట్ సెన్సర్ అనే ఐటమ్ షీల్డ్ పడిన ప్రతివాళ్లకీ దాడి వేగం ఇచ్చేది. ఆ ఏడాది ప్రపంచ పోటీల్లో సపోర్ట్‌లు ఎలాగైనా దాన్నే ముందు కొన్నారు. లూలూ, జన్నా లాంటివాళ్లకు గిరాకీ పెరిగింది. ఫైనల్లో శామ్‌సంగ్ గెలాక్సీ జట్టు 3-0తో ఎస్కేటీ జట్టును ఓడించింది. షీల్డే దెబ్బగా మారిన ఆ రోజుల్లో ఆ సలహా సరైనదే. ఐటమ్‌లు మారాయి, సలహా మాత్రం అలాగే ఉండిపోయింది.

వేరే ఆటల నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. ఓవర్‌వాచ్ 2 ప్రధాన మోడ్‌లో ఒక జట్టుకు ట్యాంక్ ఒక్కరే కాబట్టి ఆ ట్యాంక్ పడితే నిలబడే చోటే పోతుంది, అక్కడ సపోర్ట్ చూపు ముందుకే ఉండటం సహజం. డోటా 2లో డాజిల్ అనే పాత్ర షాలో గ్రేవ్ స్పెల్ వేస్తే మనవాడి ప్రాణం కాసేపు 1 కంటే దిగదు, కాబట్టి చివరి క్షణం దాకా ఆగడం అక్కడ లాభం. లూలూతో అలా ఆగితే స్టన్ అయ్యి (కదలకుండా ఆగిపోయి) బటనే నొక్కలేరు.

ఎవరిని వదిలేయాలో కూడా చెప్పాలి. ఒంటరిగా ముగ్గురి మధ్యకు వెళ్లినవాళ్లకు అల్ట్ వేస్తే చనిపోయేది ఎలాగూ చనిపోతారు, మరో నిమిషంపైగా మన దగ్గర అల్ట్ ఉండదు. చూసి మనసు చివుక్కుమన్నా వెనక్కి నడుస్తాను. అలాగే, లూలూకి దూకి పారిపోయే స్పెల్ లేదు. అసాసిన్ నా మీదికే వస్తే వైల్డ్ గ్రోత్ నా మీదే వేసుకుంటాను, అందులో స్వార్థం లేదు.

ఇక లోపం. మొత్తం జట్టులో ఎవరూ ఫీడ్ అవ్వకపోతే, లేదా మన అయిదుగురిలో నిలకడగా కొట్టేవాళ్లే లేకపోతే లూలూ చేతిలో చేయడానికి పనుండదు. ఆమె ఎవరో ఒకరిని బలపరుస్తుంది, తనంతట తాను ఫైట్ మొదలుపెట్టలేదు. చాంపియన్ సెలెక్ట్‌లో మనవైపు ఎజ్రియల్, మిడ్‌లో అసాసిన్, టాప్‌లో ఒంటరిగా తోసుకుపోయేవాడు కనిపిస్తే నేను లూలూని వదిలేసి, తామే ఫైట్ మొదలుపెట్టగల లియోనానో, నాటిలస్‌నో తీసుకుంటాను.